అల కనిపించిన చెరువు

గీత మళ్ళీ లావెక్కింది.

సువర్చల విసుగ్గా నాబ్ తిప్పింది. తెర మీద సన్నటి వెంట్రుకలా ఉండాల్సిన పచ్చగీత గొంగళిపురుగులా నూగు పట్టి కదులుతోంది. లోపలికి వచ్చే తీగలు రెండింటినీ కలిపి ముడివేసి ఉంచింది. అంటే యంత్రం చూడటానికి ఎదురుగా ఏమీ లేదు. ఏమీ లేనప్పుడు కూడా కనిపిస్తున్న ఆ వణుకంతా కరెంటు కదలికను గీతగా చూపడానికి తను కట్టిన ఆసిలోస్కోపు సొంత గోలే.

"మళ్ళీ పీకేశావా? నిన్ననే కదా అతికించావు!" ఇడ్లీ పళ్ళెం పట్టుకుని మేడెక్కి వచ్చిన వదిన మాణిక్యం గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద, కిటికీ గూట్లో, కుర్చీలో ఎక్కడ చూసినా తీగలూ సోల్డరు ముక్కలే.

"ఇది పనికిరాదు వదినా. చిన్న మాటను పెద్దది చేసి చెప్పమంటే తన కబుర్లే తను చెబుతోంది."

మాణిక్యం ఆ పెద్దది చేసే పని చూసే ఎనిమిది కాళ్ళ నల్లటి ఆప్-ఆంప్ చిప్పును వేలితో కదిపి చూసింది. "ఇంత పురుక్కోసం ఇంత హడావిడా? ముందు తిను. చల్లారితే రాళ్ళయిపోతాయి."

సువర్చల దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. పెళ్ళి చేసుకోలేదు. బదిలీ మీద సొంత ప్రాంతానికే రావడంతో చినగరువులో అన్నయ్య పాపరాజు ఇంట్లో మేడ మీద గదిలో ఉంటోంది. కిటికీ తెరిస్తే కనుచూపు మేర రొయ్యల చెరువులే. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఆ ఊరికి ఊపిరి లాంటిది. ఎండ మండే మిట్టమధ్యాహ్నం మాత్రం కాసేపు మోటార్లు ఆపుతారు.

కాలేజీలో ఆసిలోస్కోపు పాడై పిల్లలకు ప్రాక్టికల్స్ ఆగిపోతే, తనే ఒకటి కడదామని మొదలుపెట్టింది. పోయిన పంటలో ఒక మధ్యాహ్నం ఎర్తు బాగా దొరుకుతుందని అన్నయ్య చెరువు గట్టు మీద కడ్డీ పాతింది. ఇంకో తీగ జారి నీళ్ళలో పడింది. తీయబోయి తెర వైపు చూసింది. గోల మధ్యలో గీత మెల్లగా లేచింది, మెల్లగా వాలింది, మళ్ళీ లేచింది. నిద్రపోయే మనిషి ఛాతీలా. అంతలో ఎవరో మోటారు వేశారు. ఆ కదలిక కొట్టుకుపోయింది. రెండు మూడు రోజులకు ఆ చెరువు రొయ్యలు తెల్లమచ్చ జబ్బుతో గట్టుకు కొట్టుకొచ్చాయి.

అప్పట్నుంచి ఆమెకు మనసు ఒకచోట నిలవడం లేదు. పాఠం చెబుతూ బోర్డు మీద సగం సర్క్యూటు గీసి ఆగిపోయేది. రొయ్య తోక ఆడించినప్పుడల్లా కండరం నుంచి ఇసుమంత కరెంటు నీళ్ళలోకి వస్తుంది. లక్షల రొయ్యలు వేటికవి ఆడిస్తే అదంతా కలగాపులగపు గోల. కానీ అన్నీ ఒకే లయలో పడితే? జబ్బు పైకి కనిపించకముందే చెరువు చెరువంతా ఒకే ఒంట్లా వణుకుతోందా?

అది తేలాలంటే ముందు గీత నిలబడాలి.

కాలేజీలో పిల్లలు వాడే మామూలు ఆప్-ఆంప్‌ను వదిన ఇడ్లీలు తెచ్చిన ఆ ఉదయమే పీకేసింది. తర్వాత పాటల యాంప్లిఫయర్లలో వాడే రకం పెట్టింది. గోల తగ్గింది గానీ గీత నెమ్మదిగా పైకి పాకుతూ తెర దాటిపోయేది. ఆ చిప్పు కాళ్ళ గుండా పారే కాస్త కరెంటే పరీక్షకని బకెట్టు నీళ్ళలో దించిన కడ్డీల దగ్గర పోగుపడుతోందని కనిపెట్టడానికి ఒక ఆదివారమంతా పట్టింది. ఇన్‌పుట్ దగ్గర దాదాపు ఏమీ పీల్చని ఎఫ్.ఇ.టి. రకం పెడితే పాకడం ఆగింది, తాగినవాడిలా తూలడం మొదలైంది. చివరికి తన తప్పును తనే సెకనుకు వేలసార్లు దిద్దుకునే 'జీరో డ్రిఫ్ట్' రకం తెప్పించి అతికించింది. గీత వెంట్రుకలా నిలబడింది.

ఆ సంబరంలో ఉండగానే అల కూడా కనిపించింది. లేచి, వాలి, లేచి. ఆమె గబగబా కాగితం మీద దాన్ని గీసుకుంది. తర్వాత చూసుకుంటే తీగలు నీళ్ళలో లేనే లేవు, బల్ల మీద ముడివేసి ఉన్నాయి.

చిప్పు దిద్దుకునే వేగానికీ, గోడకు గుచ్చిన అడాప్టరు లోపల కరెంటును తరిగే వేగానికీ మధ్య ఉన్న చిన్న తేడా దొంగ అలగా మారి తెర మీద ఊగుతోంది. చెరువు చెప్పాల్సిన మాటను అచ్చం చెరువు గొంతుతోనే అడాప్టరు చెబుతోంది. ఆ సాయంత్రం సువర్చల అన్నం ముందు కూర్చుని కూడా తినలేకపోయింది. మర్నాడే మోటారు సైకిల్ బ్యాటరీలు రెండు కొనుక్కొచ్చి వరసగా కలిపి, మధ్య ముడిని సున్నాగా పెట్టుకుంది. తెరకు వేరే బ్యాటరీ ఇచ్చింది. అది లాగే కుదుపు చిప్పుకు తగలకూడదు. అంతటినీ బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత బిగించింది. గీత అబద్ధమాడే దారులన్నీ మూసేశాననుకుంది.

* * *

పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన బొగ్గు కడ్డీలను వెదురు బద్దకు కట్టి చెరువులో దించిన మధ్యాహ్నం పాపరాజు కూడా గట్టు మీదే ఉన్నాడు. చుట్టుపక్కల మోటార్లన్నీ ఆగి ఉన్నాయి.

గీత కాసేపు ఊరుకుంది. తర్వాత లేచింది. వాలింది. లేచింది.

సువర్చల తీగలు మార్చి చూసింది. కడ్డీలు పైకి తీస్తే అల పోయింది. దించితే వచ్చింది.

"ఏంటమ్మా, మొహం అలా అయిపోయింది?" అన్నాడు పాపరాజు.

"పోయినసారి చెరువు దెబ్బతినే ముందు ఇలాగే కనిపించింది అన్నయ్యా. అప్పుడు సరిగ్గా తెలియలేదు. ఇప్పుడు శుభ్రంగా కనబడుతోంది."

అతను నీళ్ళలోకి చూశాడు. రొయ్యలు హుషారుగా మేతకొస్తున్నాయి. అనుమానం తీరక కొన్ని పట్టి ల్యాబుకు పంపాడు. ఆ రాత్రికే ఏ జబ్బూ లేదని వచ్చింది. అయినా పోయిన పంట అతని కళ్ళముందే ఉంది.

"ఇంకో రెండు వారాలుంటే మంచి సైజుకొచ్చేవి. సర్లే, పట్టించేత్తాను. ఈ సంగతి నీ నోట్లోనే ఉంచుకో."

సువర్చల తలూపింది. తన యంత్రం మాటను ఒక మనిషి నమ్మాడన్న సంతోషంలో, ఎందుకని అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు రొయ్యలన్నీ పట్టి అమ్మేసే పట్టుబడి అయిపోయింది. అందరి పట్టుబడిలాగే వలలు, ఐసు, వ్యాన్లు. ఆ రాత్రే చెరువు నీళ్ళన్నీ తూము ఎత్తి, చెరువులన్నిటికీ ఉమ్మడి కాలువైన డ్రెయిన్లోకి వదిలేశారు. నీళ్ళలో జబ్బును చంపే బ్లీచింగ్ వెయ్యలేదు. వేస్తే, ఎందుకేశావని ఎవరైనా అడుగుతారు.

డ్రెయిన్లో దిగువన ఏసుపాదం చెరువుంది. కౌలుది. హైస్కూల్లో అతనూ సువర్చలా ఒకే తరగతి. డ్రెయిన్ నీళ్ళు తోడుకోవడం తప్ప అతనికి వేరే దారి లేదు. వారం తిరక్కుండా అతని చెరువు తెల్లమచ్చతో పోయింది. దాని పక్కది, ఆపైన ఇంకొకటి.

కాలేజీ నుంచి వస్తూ సువర్చల బస్సు కిటికీలోంచి చూసింది. ఏసుపాదం గట్టు మీద నల్లగా కాకులు. కొంగలు నీళ్ళలో దిగి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆమె అక్కడే బస్సు దిగిపోయింది.

అతను బుట్టతో చచ్చిన రొయ్యల్ని గట్టుకు ఎత్తి పోస్తున్నాడు. ఆమెను చూసి ఆగలేదు.

"రాజుగారి చెరువు మీద కాకులు వాలలేదండి," అన్నాడు ఎత్తి పోస్తూనే.

"ఏంటి?"

"ఎవరి చెరువు చావడం మొదలెట్టినా ముందు కాకులకే తెలుస్తాది. కాకులు వాలగానే మేమంతా తూములు మూసేసుకుంటాం. ఇన్నేళ్ళుగా మాకదే కబురు. ఈసారి కాకులు రాలేదు. మీరు రేకు డబ్బా పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మర్నాడు రాజుగారు పట్టుబడి చేసేసేరు. ఆ డబ్బా ఏం చెప్పిందండి మేడంగారు?"

ఆమె చెప్పింది. ఏమీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతను బుట్ట కింద పెట్టలేదు.

"అయితే మా కాకుల్ని మీరు తీసేసేరన్నమాట," అన్నాడు. గొంతు పెంచలేదు. "ముందుగా తెలియడం మంచిదే. ఒక్కడికే తెలిస్తే ఆ ఒక్కడూ తప్పించుకుని, పోతూ పోతూ జబ్బును మా మీద తోసి పోతాడు. ఆ మాట మీకు తట్టలేదా? అంత చదువుకున్నారు కదా."

సువర్చల అతని పక్కకు వెళ్ళింది. బుట్ట అందుకోబోతే అతను ఇవ్వలేదు.

* * *

అన్నం దగ్గర ఆమె విషయం ఎత్తగానే పాపరాజు కంచం పక్కకు జరిపాడు. "డ్రెయిన్లోకి నీళ్ళు వదలనివాడెవడో చూపించు. నేనొక్కణ్ణే పాపాత్ముణ్ణా?"

"నాకు తెలిసింది నీ ఒక్కడికే చెప్పాను. అక్కడే తప్పు జరిగింది. ఇకమీదట అందరికీ చెబుతాను."

"చెప్పుకో. నా చెరువు మాత్రం వదిలెయ్."

"నీ చెరువు వదిలేస్తే నా మాట ఎవరు నమ్ముతారు అన్నయ్యా?"

అతను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

రైతుల సంఘం షెడ్డు దగ్గర కూడిన రోజున చాలామంది నవ్వారు. ఏసుపాదం నవ్వలేదు. నిలబడి తన చెరువు సంగతి చెప్పాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఎండున్న ప్రతి మధ్యాహ్నం షెడ్డు మీది మైకులో చెప్పగానే డ్రెయిన్ పొడుగునా మోటార్లు ఆపి కట్టెయ్యాలి. సువర్చల వంతులవారీగా చెరువులు చూస్తుంది. అల కనిపిస్తే అదే మైకులో చెబుతుంది. అందరూ తూములు మూస్తారు. ఆ చెరువు నీళ్ళు బ్లీచింగ్ చెయ్యకుండా బయటికి రాకూడదు.

బ్యాటరీలు ఎంత శుభ్రమైనవైనా లాభం లేదని ఆ రోజుల్లోనే ఆమెకు తెలిసింది. ఎక్కడో ఒక పాత మోటారు సీలు అరిగి కరెంటు నీళ్ళలోకి కారితే, అది తడినేల గుండా నడిచొచ్చి గీతను నూగునూగు చేసేది. ఆమె సైకిలేసుకుని గట్ల వెంట తిరిగి ఆ మోటారు వెతికి, రైతును బతిమాలి కట్టించేది. కొందరు కట్టేవారు. కొందరు ఆమె మలుపు తిరగ్గానే మళ్ళీ వేసేవారు.

అయినా పని సాగింది. అల కనిపించిన చెరువులు కొన్ని నిజంగానే దెబ్బతిన్నాయి, కానీ జబ్బు పక్కకు పాకలేదు. ఒక్క చెరువులో మాత్రం అల రెండు రోజులు కనిపించి దానంతటదే పోయింది. రొయ్యలకు ఏమీ కాలేదు. అది ఎందుకో ఆమెకు అంతు చిక్కలేదు. మైకులో అదీ చెప్పింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె మాత్రం రోజూ చిప్పు విప్పి, అతుకులు చూసి, మళ్ళీ బిగించేది.

అప్పుడు అల్పపీడనం పట్టింది. మబ్బు వదల్లేదు. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, మోటార్లు ఆపడమంటే రొయ్యల గొంతు నొక్కడమే. రోజుల తరబడి గీత నూగుగానే ఉంది. సువర్చలకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. డబ్బా పట్టుకుని గొడుగు కింద చెరువు నుంచి చెరువుకు తిరిగింది. ఒక సాయంత్రం, చీకటి పడకముందే, అన్నయ్య కొత్త పంట వేసిన చెరువు దగ్గర కడ్డీలు దించి కూర్చుని ఉండగా కరెంటు పోయింది.

ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. జనరేటర్లు అందుకునేలోపు ఆ కాస్త ఎడంలో, ఊళ్ళో ఏ తీగలోనూ కరెంటు లేని ఆ నిశ్శబ్దంలో, గీత ఎన్నడూ లేనంత సన్నగా కనిపించింది. అది లేచింది. వాలింది. లేచింది.

జనరేటరు వేయించడానికి పరుగెత్తుకొచ్చిన పాపరాజు ఆమె భుజం మీదుగా తెరను చూశాడు.

"అదేనా?"

"అదే అన్నయ్యా."

జనరేటర్లు మోగాయి. గీత మళ్ళీ గొంగళిపురుగయింది. అతను బురదలోనే గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నా మాట విను. ఈసారి నీళ్ళు వదలను. నీ మీద ఒట్టు. బ్లీచింగ్ నేనే వేయిత్తాను. ఒక్క రోజు ఆగు, పట్టుబడి అయిపోనీ. మైకులో చెప్పావంటే ఈ చెరువు సరుకు కొనేవాడు గట్టెక్కడు."

"పట్టుబడికి వచ్చే మనుషులు ఆ కాళ్ళతోనే, ఆ వలలతోనే ఇంకో చెరువులో దిగుతారు కదా?"

"ఒక చెరువుకు ఏమీ అవలేదని నువ్వే చెప్పావు కదే! ఇదీ అలాంటిదేమో!"

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చంటూనే నా కొంప ముంచుతావా?"

ఆమె కడ్డీలు పైకి తీసి డబ్బా సర్దుకుంది. తిన్నగా షెడ్డు వైపు నడిచింది. మైకు ముందు నిలబడి చెరువు ఎవరిదో చెప్పింది గానీ మైకు మీట వెయ్యడం మరిచిపోయింది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "మా అన్నయ్య పాపరాజు చెరువులో అల కనిపించింది. అందరూ తూములు మూసుకోండి."

పట్టుబడికని పాపరాజు పిలిపించిన వ్యాన్లు ఊరి బయటి నుంచే తిరిగిపోయాయి. ల్యాబు ఈసారి కూడా జబ్బు లేదనే చెప్పింది. కానీ పాపరాజు ముందు పట్టించేసిన పంటకూ ల్యాబు అదే మాట చెప్పిందని ఊరందరికీ తెలుసు. సంఘం వాళ్ళు నిలబడి చెరువులో బ్లీచింగ్ కొట్టించారు. రొయ్యలన్నీ బతికుండగానే పోయాయి. పాపరాజు గట్టు మీద నిలబడి ఆఖరిదాకా చూశాడు. మర్నాడు సువర్చల టౌన్లో గది తీసుకుంది. సామాను దించుతుంటే అతను ఇంట్లోనే ఉన్నాడు, బయటికి రాలేదు.

ఆ పంటకాలంలో డ్రెయిన్ మీద ఇంకే చెరువూ పోలేదు. ఏసుపాదం కొత్త పంట చేతికొచ్చింది. అందరూ సువర్చలను మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ ఆమె మాట మార్చేసేది. చంపేసిన చెరువుకు జబ్బు వచ్చేదో రాదో ఎవరు చెప్పగలరు?

* * *

ఒక సాయంత్రం మాణిక్యం టౌన్లో ఆమె గదికి వచ్చింది. వచ్చి కుర్చీలో కూర్చోలేదు, మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"మీ అన్నయ్య పంపలేదు. నేనే వచ్చాను," అంది. "బ్లీచింగ్ కొట్టే ముందు నేనో బుట్టెడు రొయ్యలు తీసి పెరట్లో సిమెంటు తొట్టిలో వేశాను. అదే చెరువు నీళ్ళు పోశాను. కూరకని కాదు. మనసొప్పక."

సువర్చల కుర్చీలోంచి లేచింది. "ఏమయ్యాయి వదినా?"

"ఒక్కటీ చావలేదు. నెల దాకా మేత వేశాను. తోకలాడిస్తూ తిరిగాయి. మీ అన్నయ్య పెరటి వైపే రావడం మానేశాడు కదా, చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన గుండె ఆగిపోద్ది. చెప్పకపోతే నాది ఆగేలా ఉంది."

సువర్చల లెక్క వేసుకుంది. తొట్టిలో ఒత్తిడి తక్కువ, రొయ్యలు తక్కువ, అందుకే బతికి ఉండొచ్చు. అది నిజం కావచ్చు. ఆ చెరువులో వచ్చింది దానంతటదే పోయే అలే కావచ్చు. ఎంత మంచి చిప్పు పెట్టినా, ఎన్ని బ్యాటరీలు కట్టినా ఆ రెండింటిలో ఏది నిజమో ఇక తెలుసుకునే దారి లేదు.

"నేను చెబుతాను వదినా," అంది సువర్చల.

"ఆయనకా?"

"ఆయన చెరువు గురించి ఊరందరికీ చెప్పాను. ఇది ఆయన ఒక్కడి చెవిలో చెబితే ఎలా?"

మర్నాడు మధ్యాహ్నం ఆమె మైకు ముందు నిలబడింది. తొట్టి సంగతి, అందులో పలచగా ఉండబట్టే బతికాయేమోనన్న అనుమానంతో సహా చెప్పింది. ఎవరి తొట్టో, రొయ్యలు వేసింది ఎవరో దాచలేదు. తన యంత్రం చూసింది నిజమే అయినా, దాని అర్థం తను తప్పుగా చదివి ఉండొచ్చని చెప్పింది. అన్నయ్య పంట అన్యాయంగా పోయి ఉండొచ్చని కూడా ఈసారి ఒక్కసారికే చెప్పేసింది. మాట మాత్రం తనది కానట్టు వినిపించింది.

షెడ్డు దగ్గర జనం గుమిగూడారు. డ్రెయిన్ వెంట సగం మోటార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇక ఆపుతారో లేదో ఆమెకు తెలియదు.

పాపరాజు గట్టు వెంట నడిచి వస్తున్నాడు. మైకు అతని ఇంటిదాకా వినిపించింది. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు. జనం దారిచ్చారు. అతను సువర్చల వైపు చూడకుండా తిన్నగా ఏసుపాదం ముందుకు వెళ్ళి ఆగాడు.

"ఒరే ఏసుపాదం, ఇకమీదట అల కనిపించిన చెరువులోంచి ముందు రెండు తొట్లలోకి రొయ్యలు తియ్యండి. ఒకదాంట్లో పలచగా, ఒకదాంట్లో చెరువులో ఉన్నంత ఒత్తుగా. నీళ్ళు బయటికి పోకుండా కాపలా పెట్టండి. తొట్లు తేలేదాకా బ్లీచింగ్ కొట్టద్దు. తొట్లు నా పెరట్లోనే పెట్టండి."

"అలాగేనండి రాజుగారు. మరి మోటార్లో?"

పాపరాజు చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

"రోజూ కట్టేస్తాను," అన్నాడు. "ఆవిడ వచ్చి చూసుకోవచ్చని చెప్పు."

ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. అన్నయ్య నోట తను 'ఆవిడ' కావడం అదే మొదటిసారి. అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కాసేపటికి గట్టు అవతల, మళ్ళీ కొత్తగా రొయ్యపిల్ల వేసిన అతని చెరువు మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి. సువర్చల బొగ్గు కడ్డీలు తీసుకుని అటు నడిచింది.